వెబ్ రూపకల్పనకు తదుపరి ప్రోగ్రామింగ్ భాష: తెలుగు అక్షరగణన దృష్ట్యా పరిశీలన

1. ఉపోద్ఘాతం

2016లో జిల్లాగా ఏర్పడిన సిద్దిపేటలో 2023 జూన్‌లో ఐటీ టవర్ ప్రారంభమైంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌ల ప్రాథమికాంశాలు నేర్చిన అక్కడి డిగ్రీ విద్యార్థికి, తర్వాత ఏ భాష నేర్వాలన్న ప్రశ్న సహజంగానే ఎదురవుతుంది. ఉద్యోగ ప్రకటనలు ఒక సమాధానాన్ని సూచిస్తాయి. అయితే తెలుగు సాహిత్యాన్ని వెబ్‌లో నిలపదలచినవారు మరొక ప్రమాణాన్నీ పాటించవలసి ఉంటుంది. ఆ భాష తెలుగు అక్షరాన్ని ఎలా లెక్కిస్తుందన్నదే ఆ ప్రమాణం.

2. ప్రధాన భాషలు

1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌కు ప్రధాన భాష. 2012లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్ దాని విస్తరణ. 2009లో వచ్చిన నోడ్ జేఎస్ వల్ల జావాస్క్రిప్ట్ సర్వర్‌లోనూ విస్తృతంగా వినియోగంలోకి వచ్చింది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో వెలువరించిన పీహెచ్‌పీ వర్డ్‌ప్రెస్‌కు, మీడియావికీకి ఆధారం. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ మీదనే. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ వెబ్‌తో పాటు భాషా విశ్లేషణకూ విరివిగా ఉపయోగపడుతున్నది.

3. 'సిద్దిపేట'లో అక్షరాలెన్ని?

చదువరి దృష్టిలో ఈ పదానికి సి, ద్ది, పే, ట అని నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు సంకేతాలు కనుక ఇందులో 9 సంకేతాలున్నాయి. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలోని సాధారణ పొడవు గణన 9 అని చెబుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి పీహెచ్‌పీలోని 'ఎస్‌టీఆర్‌లెన్' 27 అని చూపుతుంది. ఏదీ నాలుగు అనదు.

ఈ తేడా చిన్నది కాదు. శీర్షికను మూడు సంకేతాల వద్ద కత్తిరిస్తే 'సిద' మిగులుతుంది. ఛందస్సును గుర్తించే ప్రోగ్రాం 'ద్ది'ని ద్విత్వాక్షరంగా గ్రహించకపోతే దాని ముందున్న 'సి' గురువని తెలుసుకోలేదు. జావాస్క్రిప్ట్‌లోని 'ఇంటిల్ సెగ్మెంటర్', పీహెచ్‌పీలోని 'గ్రాఫీమ్ ఎస్‌టీఆర్‌లెన్' అక్షరగణనకు తోడ్పడతాయి. పైథాన్‌లో సాధారణంగా 'రీజెక్స్' వంటి అదనపు మాడ్యూల్‌ను చేర్చుకుంటారు. 2023 నాటి యూనికోడ్ 15.1కు ముందున్న నియమాలు 'ద్ది'ని రెండుగా విడదీసేవి. కనుక పాత సంచికను వాడే వ్యవస్థలో ఫలితం 5గా రావచ్చు.

4. ముగింపు

పత్రిక లేదా కళాశాల వెబ్‌సైటును వర్డ్‌ప్రెస్‌లో నిర్వహించేవారికి పీహెచ్‌పీ అనుకూలం. పద్యపాఠాల విశ్లేషణ లక్ష్యమైతే పైథాన్ మేలు. వచ్చిన జావాస్క్రిప్ట్‌నే దృఢపరచుకోదలచినవారికి టైప్‌స్క్రిప్ట్ సరైన మెట్టు. దేనిని ఎంచుకున్నా, తొలి అభ్యాసంగా 'సిద్దిపేట'కు నాలుగు అన్న సమాధానం రాబట్టడం ప్రయోజనకరం. సంయుక్తాక్షరమంటే ఏమిటో తెలుగు శాఖకు తెలుసు. దానిని యంత్రానికి చెప్పే పద్ధతి కంప్యూటర్ శాఖకు తెలుసు. ఒకే ప్రాంగణంలోని ఈ రెండు శాఖలు కలిసి బోధించదగిన పాఠమిది.