స్పెయిన్ స్వచ్ఛంద యోధులు, మన్యం సహచరులు

1936–39 నడుమ స్పెయిన్‌లో ఎన్నికైన గణతంత్ర ప్రభుత్వానికీ, దానిపై తిరగబడిన జనరల్ ఫ్రాంకో సేనలకూ మధ్య సాగిన అంతర్యుద్ధంలో, అంటే ఒకే దేశ ప్రజలు రెండు పక్షాలై చేసిన యుద్ధంలో, యాభైకి పైగా దేశాల నుంచి సుమారు 35 వేల మంది స్వచ్ఛందంగా వచ్చి ‘అంతర్జాతీయ దళాలు’గా గణతంత్రం కోసం పోరాడారు; వారిలో నాగపూర్‌కు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ ఒకరు. బతికున్న యోధులకు స్పెయిన్ 1996లో పౌరసత్వ హక్కు కల్పించింది.

అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటు (1922–24) స్పెయిన్‌లో లాంటి అంతర్యుద్ధం కాదు, బ్రిటిష్ పరపాలనపై పోరాటం. అయినా స్పెయిన్‌కు వెళ్లిన ఆ స్వచ్ఛంద యోధుల్లాగే, మన్యం నాయకులైన గాం గంటందొర, మల్లుదొరల సరసన మైదానం నుంచి వచ్చి నిలిచిన అగ్గిరాజు అండమాన్ శిక్ష అనుభవించారు. అల్లూరితో పాటు ఈ సహచరుల పేర్లూ మన్యం బడుల్లో పిల్లలకు చెప్పాలి.