సగం సగం అనుకున్నాం

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు నలుగురు వారాంతంలో ఓ చోట చేరితే, “మనమే సొంతంగా ఏదైనా మొదలుపెడితే ఎలా ఉంటుంది?” అన్న ప్రశ్న రాక మానదు. నేనూ, ఎం.ఎస్. రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడూ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోకుండా నిజంగానే మొదలుపెట్టాం. 2021 నుంచి మూడేళ్ళు న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకుంటూనే నడిపాం. డబ్బు మాట అటుంచితే నేర్చుకున్నది చాలా ఉంది. అది మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

ముందుగా వీసా సంగతి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప బయట పనిచేసి సంపాదించకూడదు. “రాత్రిపూట ఇంట్లో కూర్చుని చేస్తే ఎవరికి తెలుస్తుంది?” అనుకోకండి. నేను ఏళ్ళ తరబడి ఆగింది అందుకే. 2020 అక్టోబరులో ఈబీ-3 తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు, మనవాళ్ళు చాలామందిలాగే నేనూ ఐ-485 వేశాను. మరుసటి ఏడు ఈఏడీ కార్డు చేతికొచ్చాక, లాయరుని అడిగి మరీ పని మొదలుపెట్టాను. మిత్రుడికి అప్పటికే గ్రీన్ కార్డు ఉంది.

బొమ్మలు, రంగులు, అక్షరాలు వాడివి. కోడ్, హోస్టింగ్ నావి. చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసేవాళ్ళం: ఒక రెస్టారెంటు, ఒక డాన్స్ స్కూలు, ఒక పళ్ళ డాక్టరు, అలాంటివి. లెక్కల మాటొస్తే టీ తాగుతూ వాడే అన్నాడు, “సగం సగం రా. మన మధ్య కాగితాలేంటి?” నాకూ అదే సబబనిపించింది.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. రెండో ఏడు పళ్ళ డాక్టరు లోగో దగ్గర తేడా మొదలైంది. “చిన్న మార్పే” అంటూ ఆయన పదకొండు సార్లు తిప్పి పంపాడు. పదకొండు సార్లూ గీసింది మా వాడే. నా కోడ్ రెండు వారాంతాల్లో అయిపోయింది. డబ్బు సగం సగం. తర్వాత ఓ శుక్రవారం రాత్రి రెస్టారెంటు ఆర్డర్ల పేజీ పడిపోతే, తెల్లవార్లూ కూర్చుని లేపింది నేను. అప్పుడూ సగం సగమే. ఎవరి గంటలు వాళ్ళకి గుర్తున్నాయి, ఎదుటివాడివి గుర్తులేవు. పైకి ఒక్క మాటా అనుకోలేదు కానీ, వాళ్ళింటికి భోజనానికి వెళ్ళడం తగ్గింది. ముందు కనిపెట్టింది మా ఆవిడే. “ఏమండీ, మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా?” అంది. తల్లీ పిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరని పెద్దలు ఊరికే అనలేదు.

అంతలో డాన్స్ స్కూలువాళ్ళు చివరి వాయిదా ఇవ్వకుండానే ఒరిజినల్ ఫైళ్ళన్నీ పంపమన్నారు. డబ్బు వచ్చాకే అని వాడు, పేరు పోతుంది ఇచ్చేద్దామని నేను. ఆ రాత్రి ఫోన్‌లో వాడు, “ఇక నావల్ల కాదురా” అని పెట్టేశాడు.

అసలు ఆ ఫైళ్ళు ఎవరివి? నిద్రపట్టక చట్టం చదవడం మొదలుపెట్టాను. 1989లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు కనిపించింది. రీడ్ అనే శిల్పి చేత ఒక సేవాసంస్థ బొమ్మ చేయించుకుంది. రెండు పక్షాలూ ఏమీ రాసుకోలేదు, కాపీరైట్ మాటే ఎత్తలేదు. తర్వాత ఇద్దరూ మాదంటే మాదన్నారు. శిల్పి ఆ సంస్థ ఉద్యోగి కాదు కాబట్టి, అది ఉద్యోగి చేసిన పని కింద సంస్థకి చెందదని కోర్టు చెప్పింది. మనలా బయటనుంచి పనిచేసేవాళ్ళ విషయంలో, సంతకం పెట్టిన కాగితం లేనిదే కాపీరైట్ మామూలుగా క్లయింటుకి బదిలీ కాదు.

ఇంకాస్త చదివితే మా ఇద్దరి సంగతీ బయటపడింది. లాభం కోసం ఇద్దరు కలిసి వ్యాపారం చేస్తే, కాగితం లేకపోయినా అది భాగస్వామ్యమే. వేరే ఒప్పందం లేకపోతే ఒకడు ఎక్కువ చేసినా ఇంకొకడు తక్కువ చేసినా లాభం సమానం, చాకిరీకి విడిగా జీతం లేదు. వ్యాపారం అప్పుపడితే ఇద్దరి సొంత ఆస్తుల మీదికీ రావచ్చు. అంటే మేం రాసుకోని ఒప్పందాన్ని చట్టం ఎప్పుడో రాసిపెట్టింది! మేం చదవలేదు, అంతే.

పన్నుల దగ్గరా ఇదే కథ. భాగస్వామ్యం తనంతట తాను ఆదాయపు పన్ను కట్టకపోయినా, ఫారం 1065 మార్చి 15కల్లా వెయ్యాలి. మేం ఏప్రిల్ 15 అనుకున్నాం. జరిమానా ఒక్కో భాగస్వామికి, ఆలస్యమైన ఒక్కో నెలకి లెక్కగట్టి వచ్చింది.

ఆ ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టుకుని కూర్చున్నాం. ఎవరి గంటలు వాళ్ళు ప్రతి ఆదివారం ఒకే ఎక్సెల్ షీట్లో రాయాలి. లాభంలో డెబ్భై శాతం గంటల ప్రకారం, మిగతాది సమానం. డిజైన్ మీద ఆఖరి మాట వాడిది, కోడ్ మీద నాది. క్లయింటు సగం ముందివ్వాలి. మార్పులు మూడుసార్లు, ఆపైన గంటకింత. చివరి వాయిదా అందాకే ఫైళ్ళూ హక్కులూ. విడిపోవాలంటే అరవై రోజుల ముందు చెప్పాలి. అప్పుడు ఏ క్లయింటు ఎవరికి, పాస్‌వర్డులు ఎవరి దగ్గర అన్నదీ రాశాం. తర్వాత లాయరు చేత సరిచేయించి ఎల్‌ఎల్‌సిగా రిజిస్టర్ చేశాం. డాన్స్ స్కూలుతో మాత్రం సగం వాయిదా వదులుకుని రాజీపడ్డాం. అది మా ఫీజు అనుకోండి.

మొదటి నెల షీట్ చూసి నేను సిగ్గుపడ్డాను. వాడి గంటలు నేననుకున్నదానికి రెట్టింపున్నాయి. నా రాత్రులు చూసి వాడూ కాసేపు మాట్లాడలేదు.

2024లో వాడికి ఆస్టిన్‌లో ఉద్యోగం వచ్చింది. అదే బల్ల దగ్గర, అదే కాగితం తీసి, ఒక్క సాయంత్రంలో అన్నీ పంచుకున్నాం. ఆ ఏటి 1065లో ‘ఆఖరి రిటర్న్’ గడిలో టిక్కు పెట్టాం. భోజనం చేసే వచ్చాను.

మీలో ఎవరైనా మిత్రుడితో కలిసి ఏదైనా మొదలుపెట్టే ఆలోచనలో ఉంటే, ఆ కాగితం స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి. ముందుగా విడిపోయే పేరా రాయండి. వాడు ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, గంటల లెక్క అడగడానికి మాత్రం కాదు.