వైజాగ్‌ టూర్‌: జంటగా తొలిసారి వెళ్తున్నారా? సూర్యోదయం మిస్సవ్వొద్దు.. ప్రశాంతంగా కనిపించే నీళ్లను నమ్మొద్దు!

వైజాగ్‌ వెళ్తున్నామని చెప్పగానే చుట్టాల్లో ఒకరు ఆర్కే బీచ్‌ అంటారు. ఇంకొకరు అరకు అంటారు. సింహాచలం చూడకుండా వస్తారా అని పెద్దవాళ్లు కోప్పడతారు. అందరి మాటా విని రెండు రోజుల్లో పదిహేను చోట్లు ఇరికించుకుంటే చివరికి గుర్తుండేవి ఆటో ప్రయాణాలే. కొత్తగా పెళ్లయిన జంట అయినా, పదేళ్ల తర్వాత పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి బయల్దేరిన జంట అయినా.. తొలిసారి విశాఖ చూడాలంటే కనీసం మూడు రోజులు చేతిలో ఉండాలి. అందులో ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని మొహమాటం లేకుండా వదిలేయొచ్చు?

ముందుగా సూర్యుడి సంగతి

తొలిసారి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే సూర్యుడు సముద్రంలోకి దిగిపోతాడని ఎదురుచూస్తారు. అలా జరగదు. అది గోవా, కేరళ వైపు దృశ్యం. విశాఖది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల చాటుకు పోతాడు. అంటే విశాఖలో ఖరీదైన సమయం తెల్లవారుజామే. డిసెంబరు, జనవరిలో ఆరింటికల్లా, మే, జూన్‌లో అయితే ఐదింటికల్లా బీచ్‌లో ఉండాలి.

హైదరాబాద్‌ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకు ఇది కలిసొచ్చే అంశం. ఆ రైలు తెల్లవారుతుండగా విశాఖలో దింపుతుంది. హోటళ్లలో చాలావరకు మధ్యాహ్నం 12కి గానీ గది ఇవ్వరు. స్టేషన్‌ క్లోక్‌రూమ్‌లో బ్యాగులు పడేసి నేరుగా బీచ్‌కు వెళ్లిపోతే ఆ ఐదారు గంటలు లాబీలో కునికిపాట్లతో గడిచిపోకుండా ఉంటాయి. ఉదయం వేళ బీచ్‌ రోడ్డులో కొంత భాగాన్ని వాహనాలకు మూసేస్తారు. నడిచేవాళ్లు, స్కేటింగ్‌ చేసే పిల్లలు, యోగా చేసే పెద్దలు.. రోడ్డంతా వాళ్లదే. సాయంత్రం హారన్ల మోతలో ఇదే రోడ్డును చూసినవాళ్లు అదీ ఇదీ ఒకటేనంటే నమ్మరు.

గది బుక్‌ చేసేటప్పుడు ఇంకో విషయం. ఇద్దరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి. భర్త ఆధార్‌ ఒక్కటే తెచ్చి కౌంటర్‌ దగ్గర ఇబ్బంది పడే జంటలు తక్కువేం కాదు.

ఇసుక మీదున్న జలాంతర్గామి

ఆర్కే బీచ్‌లో ఒక్కటే చూడాలంటే ఐఎన్‌ఎస్‌ కురుసుర చూడాలి. సోవియట్‌ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. తర్వాత దాన్ని ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్ల పైనే. లోపల మాత్రం ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాల్సిందే. అంత ఇరుకులో 75 మంది దాకా నెలల తరబడి పనిచేసేవారు. టార్పెడో గొట్టాల పక్కనే పడకలు, అగ్గిపెట్టెంత వంటగది, మనిషి ఒంగి దూరాల్సిన గుండ్రటి తలుపులు చూస్తే ‘ఘాజీ’ సినిమా గుర్తుకు రాకమానదు.

ఆ సినిమాకు మూలమైన ఘటన కూడా ఇక్కడిదే. 1971 యుద్ధంలో పాకిస్థాన్‌ జలాంతర్గామి పీఎన్‌ఎస్‌ ఘాజీ మునిగిపోయింది ఈ విశాఖ తీరానికి దగ్గర్లోనే. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్‌ సీ’ స్తూపం ఇదే బీచ్‌ రోడ్డులో ఉంటుంది. కురుసురకు ఎదురుగా, రోడ్డుకు అవతలి వైపు టీయూ-142 యుద్ధ విమానాన్ని కూడా మ్యూజియంగా నిలిపారు. అన్నట్టు కురుసురకు సోమవారం సెలవు. జూపార్కుకూ సోమవారమే సెలవు. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం పొద్దున్నే దిగేవాళ్లు ఆ రోజుకు వేరే ప్లాన్‌ పెట్టుకోవడం మంచిది.

ఓపిక ఉంటే అక్కడికి దగ్గర్లోనే ఉన్న విశాఖ మ్యూజియం ఓసారి చూడొచ్చు. పాతకాలపు డచ్‌ బంగ్లాలో ఉంటుంది. 1942 ఏప్రిల్‌లో జపాన్‌ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయన్న సంగతి బయటి ఊళ్లవాళ్లలో చాలామందికి తెలియదు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి ఈ మ్యూజియంలో ఉంది.

బయటికొస్తే మురీ మిక్చర్‌. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో పెట్టిస్తారు. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా ఉంటుంది గానీ, రెండింట్లో ఒకటే తినాలంటే మిక్చర్‌కే ఓటు.

అలల దగ్గర ఆగాల్సింది ఎక్కడ?

ఇది మాత్రం ఎవరూ దాటేసి చదవకూడని భాగం. విశాఖ బీచ్‌లలో సముద్రంలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. వాళ్లలో ఎక్కువమంది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఈత రాక మునిగిపోయారని అనుకుంటాం. చాలాసార్లు ఈత వచ్చినవాళ్లే పోతున్నారు. కారణం.. లోపలికి లాగే ప్రవాహం. ఇంగ్లిష్‌లో రిప్‌ కరెంట్‌ అంటారు.

అల ఒడ్డుకు తెచ్చిన నీరు మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఆ నీరంతా ఒకచోట ఇసుక కాస్త లోతుగా ఉన్న సందు చూసుకుని, అందులోంచి వేగంగా సముద్రంలోకి వెళ్లిపోతుంది. మోసమంతా ఇక్కడే ఉంది. రెండు పక్కలా అలలు విరిగి నురగలు కక్కుతుంటే, ఈ సందు దగ్గర మాత్రం అలలు పెద్దగా ఉండవు. నీళ్లు కొంచెం ముదురు రంగులో, నిశ్శబ్దంగా కనిపిస్తాయి. ‘ఇక్కడ బాగుంది, ఇక్కడ దిగుదాం’ అనిపించే చోటు సరిగ్గా అదే.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత బలమున్నా నాలుగైదు నిమిషాల్లో అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు సాధారణంగా తక్కువే కాబట్టి పక్కకు జరిగితే బయటపడొచ్చు. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి అరవాలి. ఇది మనిషిని దూరంగా తీసుకెళ్తుందే తప్ప కిందికి లాగదు.

జంటల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవాళ్లు ఆగలేక దూకేస్తారు. అలా ఇద్దరూ పోయిన ఘటనలు ఉన్నాయి. దూకడం కాదు, చేతిలో ఉన్న ఖాళీ వాటర్‌ బాటిలో, చున్నీయో, తాడో విసరాలి. లైఫ్‌గార్డును పిలవాలి. బోటు వాళ్లు, మత్స్యకారులు దగ్గర్లో ఉంటే వాళ్లను కేకేయాలి. 112కి ఫోన్‌ చేయాలి.

సెల్ఫీల కోసం నాచు పట్టిన రాళ్ల మీదికి ఎక్కడం కూడా అంతే. ఆర్కే బీచ్‌, తెన్నేటి పార్కు, యారాడ.. ఈ మూడుచోట్లా మోకాళ్ల లోతు దాటి వెళ్లకపోవడమే మేలు. తెన్నేటి పార్కు దగ్గరైతే 2020 అక్టోబరులో గాలివానకు ఎంవీ మా అనే బంగ్లాదేశ్‌ సరుకు ఓడే లంగరు తెగి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అంత ఓడనే ఈడ్చుకొచ్చిన సముద్రం అది. నీళ్లలో ఆడుకోవాలని గట్టిగా ఉంటే రుషికొండ వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు దక్కిన బీచ్‌ అది. స్నానానికి హద్దులు గుర్తించి ఉంటాయి. లైఫ్‌గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. అక్కడ కూడా జెండాల హద్దు దాటొద్దు.

భీమిలి దారి.. దీనికి ఒక పూట సరిపోదు

విశాఖ నుంచి భీమిలి దాకా ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు. 30 కిలోమీటర్ల లోపు దూరానికి రోజంతా కేటాయించినా తప్పులేదు. రైల్వే స్టేషన్‌ నుంచి 900కే సిటీ బస్సు ఉంది. కానీ మధ్యలో ఆగుతూ వెళ్లాలంటే అద్దె స్కూటీ హాయి. హెల్మెట్లు రెండూ అడిగి తీసుకోవాలి.

మొదట కైలాసగిరి తగులుతుంది. రోప్‌వేలో పైకెళ్తే శివపార్వతుల తెల్లటి విగ్రహాలు, కింద వంపు తిరిగిన తీరం. ఫొటోకు బాగుంటుంది. గంట చాలు.

అక్కడి నుంచి ముందుకెళ్తే తొట్లకొండ. జనం తక్కువ, అందుకే జంటలకు ఇది బాగా నచ్చుతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాననీటి కోసం వాళ్లు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరొచ్చింది. పక్కనున్న బావికొండకు బావుల వల్ల వచ్చినట్టే. నౌకాదళం అవసరాల కోసం సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. ఇటుకల స్తూపం పక్కన నిలబడి చూస్తే ఎదురుగా సముద్రం తప్ప ఇంకేం ఉండదు. ఆ భిక్షువులు చోటు బాగానే ఎంచుకున్నారు! నీడ మాత్రం తక్కువ, మధ్యాహ్నం వెళ్లొద్దు.

ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో చూసిన చోటే. వేల ఏళ్లుగా గాలి, అలలు, వానలు పేర్చిన ఇసుక ఇనుము తుప్పు వల్ల ఎర్రబారి, వాన కోతకు లోయల్లా విడిపోయింది. జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తింపు ఉంది. ఆ గోడలు గట్టిగా కనిపిస్తాయి గానీ గోరుతో గీకినా రాలతాయి. పేర్లు చెక్కడం, అంచులెక్కి దూకడం చేస్తే ఆ ఒక్క రోజు సరదాకు అవి శాశ్వతంగా తరిగిపోతాయి. తప్పిపోయే అవకాశం కూడా ఉంది కాబట్టి చీకటి పడకముందే బయటికి రావాలి.

చివర్లో భీమిలి. పాత డచ్‌ సమాధులు, లైట్‌హౌస్‌, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఆ నదిని గుర్తుపెట్టుకోండి, మరుసటి రోజు మళ్లీ కనిపిస్తుంది.

అరకు: రైల్లో వెళ్లి రోడ్డు మీద రావాలి

కిరండూల్‌ ప్యాసింజర్‌ ఉదయం ఏడు లోపే విశాఖలో బయల్దేరుతుంది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. వరసగా సొరంగాలు, లోయలు, వంతెనలు. అద్దాల విస్టాడోమ్‌ బోగీలో సీట్లు తొందరగా అయిపోతాయి, ముందే బుక్‌ చేసుకోవాలి.

రానూపోనూ రైల్లోనే అనుకుంటే బొర్రా గుహలు చూడటం కష్టమవుతుంది. అందుకే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు లేదా బస్సు. దారిలో గాలికొండ వ్యూ పాయింట్‌, అనంతగిరి కాఫీ తోటలు, ఆపైన బొర్రా. సాయంత్రం ఐదుకల్లా గుహలు మూసేస్తారు కాబట్టి అరకులో మరీ ఆలస్యం చేయొద్దు. గిరిజన మ్యూజియం, ఒక కప్పు అరకు కాఫీ, బొంగులో చికెన్‌.. ఇంతవరకు చాలు. నవంబరు, డిసెంబరులో వెళ్తే పసుపు పచ్చటి వలిసె పూల తోటలు అదనం.

బొర్రా గుహల్లో సున్నపురాయిని నీరు కరిగించి, చుక్కచుక్కగా మళ్లీ పేర్చిన ఆకారాలు కనిపిస్తాయి. లోపల తడిగా ఉంటుంది, హైహీల్స్‌ పనికిరావు. ఆ కొండల్లో పారే నీరే గోస్తనీ. నిన్న భీమిలిలో సముద్రంలో కలిసిన నది ఇదే.

అప్పన్న దర్శనం, చివరి పూట

మూడో రోజు ఉదయం సింహాచలం. ఉత్తరాంధ్రలో పెళ్లయిన జంట సింహాద్రి అప్పన్నను దర్శించుకోవడం ఆనవాయితీ. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటారు, అక్షయ తృతీయ ఒక్క రోజే నిజరూప దర్శనం. ఆ రోజు, ఆషాఢంలో గిరి ప్రదక్షిణ సమయంలో లక్షల్లో జనం వస్తారు. చూడటానికే వచ్చినవాళ్లు ఆ తేదీలు తప్పించుకోవాలి. గుళ్లో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరుకుంటే తీరుతుందని నమ్మకం.

యారాడ, జూ, కంబాలకొండ.. ఇవి ఈసారికి వదిలేసినా నష్టం లేదు. హార్బర్‌ పక్కన ఒకే వరసలో మూడు కొండల మీద వెంకన్న గుడి, దర్గా, రాస్‌హిల్‌ చర్చి మాత్రం గంటన్నరలో చూసి రావొచ్చు. రాస్‌హిల్‌ నుంచి ఓడరేవులోకి వచ్చే ఓడలు కనిపిస్తాయి.

ఇంటికి ఏం తీసుకెళ్లాలంటే రెండే మాటలు. అంకుడు కర్రతో చేసి సహజ రంగులు అద్దిన ఏటికొప్పాక బొమ్మలు, గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా. హల్వా నెయ్యి కారుతుంది. బట్టల బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని రైలెక్కితే మంచిది.