శిల్పమా, సున్నమా?

క్రోసూరునుండి ప్రత్తి, మిరప చేల నడుమ తూర్పుగా నడిస్తే, సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన కృష్ణ ఒడ్డున అమరావతి వస్తుంది. విద్యార్థులు రెండు రోజులు తీరికగా నడవదగిన దారి ఇది.

పల్నాటి ఇండ్లలో నేలకు పరచే నాపరాయి, అమరావతి స్తూపానికి తాపిన శిల్పఫలకం, రెండూ సున్నపురాళ్లే. ప్రాచీన సముద్రపు అడుగున పేరుకొన్న మెత్తని మడ్డి కోట్లాది సంవత్సరాలలో గట్టిపడి ఇట్టి రాయి అయింది. రేణువులు మిక్కిలి సన్ననివి గనుక దీనిపై ఉలి సాఫీగా నడుస్తుంది. రెండువేల ఏండ్లనాటి శిల్పులు ఇందులో నగలను, పూలరేకులను సైతం స్పష్టంగా చెక్కగలిగారు.

ఈ గుణంతోపాటు దీనికొక గండమూ ఉంది. సున్నపురాయిలో ముఖ్యపదార్థం కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, 100 కిలోలకు 56 కిలోల సున్నం మిగులుతుంది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేనాటికే స్తూపపు దిబ్బను ఇటుకలకోసం, రాళ్లకోసం త్రవ్వుతున్నారు. ఎన్నో శిల్పఫలకాలు సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలినవానిలో పెక్కింటిని నేడు చెన్నై, లండను మ్యూజియములలో చూడవచ్చు; కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

గోడకు పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా మళ్ళీ కాల్షియం కార్బొనేటు అవుతుంది. అట్లా పదార్థం తిరిగి వస్తుంది గాని శిల్పం రాదు.

పగిలిన నాపరాతి ముక్కపై, ఉపాధ్యాయుని సమక్షంలో, సజల హైడ్రోక్లోరికామ్లం ఒక చుక్క వేసి చూడండి. బుసబుస పొంగేది ఆ వాయువే. చెక్కిన రాతిపై మాత్రం ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు. ఆ చుక్క పడినమేర శిల్పం కరగిపోతుంది.