పేగు గోడ వెనుక కావలి

మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తున్నాయి. వాటికీ మన దేహానికీ మధ్య నిలిచినది ఒకే వరుస కణాల గోడ. దానిపై పలుచని జిగురు పొర. ఆ గోడ వెనుక అసంఖ్యాకమైన రోగనిరోధక కణాలు కావలి కాస్తుంటాయి. వైద్యునిగా నన్ను నేటికీ అబ్బురపరచేది వాటి పరాక్రమం కాదు, సంయమనం. ఎదుట ఇన్ని పరాయి జీవులున్నా అవి ఊరక దాడికి దిగవు.

వాటిని అదుపులో ఉంచేవి నియంత్రక టి-కణాలు. జపాను శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి 1995లో వీటిని గుర్తించారు. 2025లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ కణాల వృద్ధికి సూక్ష్మజీవులే తోడ్పడుతాయి. మనకు జీర్ణం కాని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. గోడ కణాలకు అదే ఆహారం. అతిథి వండగా గృహస్థు భుజిస్తున్నాడన్నమాట!

అల్సరేటివ్ కొలైటిస్ వ్యాధిలో ఈ పొత్తు చెదరుతుంది. జిగురు పొర క్షీణించి సూక్ష్మజీవులు గోడను తాకుతాయి. కావలి కణాలు విరుచుకుపడతాయి. ఆ పోరులో గోడయే పుండవుతుంది. బ్యుటిరేట్ నిచ్చే జాతులు కూడా తగ్గిపోతాయి.

రక్తం పడటం ఆగగానే వ్యాధి నయమైందనుకొని, ఉపవాస దీక్ష పేరిట మందులు మానివేసేవారిని నేను తరచు చూస్తున్నాను. పైకి లక్షణాలు లేకున్నా లోపల తాపం మిగిలి ఉండవచ్చు. అట్టివారు దీక్షకు ముందే తమ వైద్యుని సంప్రదించాలి; యాత్రలోనూ మందులు వెంట ఉంచుకోవాలి. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న రోజులలో పీచు ఎంత తినవచ్చునో కూడా ఆయననే అడగాలి.