డ్యాములు నిండినంత తేలిగ్గా బోర్లు నిండవు
కాలిఫోర్నియా కరువు తీరిన తీరు - మన సీమ రైతు తెలుసుకోవలసిన సంగతులు

అనంతపురం: కరువు మన సీమకే రాసిపెట్టి ఉందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం సంగతి వింటే ఆ మాట సరికాదని తెలుస్తుంది. మన తెలుగు పిల్లలు ఎందరో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే శాన్ హోసే, ఫ్రీమాంట్ పట్టణాలు ఆ రాష్ట్రంలోనివే. అక్కడ 2020 నుంచి 2022 వరకు మూడేళ్లు వరసగా వానలు ముఖం చాటేశాయి. వాన లెక్కలు రాయడం మొదలైన నాటి నుంచి అంత పొడిగా గడిచిన మూడేళ్లు ఆ రాష్ట్రం చూడలేదు. ఆ తర్వాత 2022 డిసెంబరు ఆఖరు నుంచి 2023 మార్చి వరకు విడవకుండా వచ్చిన వాన, మంచు ఆ కరువుకు చాలావరకు తెర దించాయి. అయితే ఆ వానతో ఏది తీరింది, ఏది తీరలేదు అన్నది బోరును నమ్ముకుని బతికే మన రైతులు వినదగిన సంగతి.

కొండ మీది మంచే వారి చెరువు

కాలిఫోర్నియా ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లు ఉంటుంది. అక్కడి వానాకాలం మనకు తలకిందులు. నవంబరు నుంచి మార్చి దాకానే వానలు. ఎండాకాలంలో చినుకు పడడం అరుదు. రాష్ట్రానికి తూర్పు వైపున సియెర్రా నెవాడా అనే కొండల వరస ఉంది. చలికాలమంతా వాటి మీద మంచు పేరుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ అది కొంచెం కొంచెంగా కరిగి ఏళ్లలోకి దిగుతుంది. రాష్ట్రం వాడుకునే నీటిలో నూటికి 30 పాళ్లు ఈ మంచు నుంచే వస్తుంది. కట్ట, తూము అక్కర లేకుండా కొండ మీద నిలిచే చెరువు అన్నమాట.

ఆ కొండలకు పడమట పొడవాటి మైదానం. బాదం, పిస్తా, ద్రాక్ష, టమోటా, పత్తి విరగపండే నేల అది. అక్కడి ఫ్రెస్నో పట్టణంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 280 మిల్లీమీటర్లు. మన అనంతపురం జిల్లా సగటు దాదాపు 550 మిల్లీమీటర్లు. మనలో సగం వానతో అన్ని తోటలు ఎలా నిలిచాయంటే, కొండ మంచు, కాలువలు, బోర్లు - ఈ మూడే జవాబు. మంచు పడని ఏడు కాలువలు ఎండుతాయి. కాలువలు ఎండిన ఏడు భారమంతా బోర్ల మీద పడుతుంది.

నూటికి 5 పాళ్ల నీరు

ఓరోవిల్ డ్యాం నిండితే సుమారు 150 టి.ఎం.సి.లు పడుతుంది. మన తుంగభద్ర డ్యాం కంటే పెద్దది. 2021 ఆగస్టులో దాని నీరు అడుగంటి, కరెంటు తీసే కేంద్రాన్ని మూసేశారు. 1960ల చివరలో కట్టిన ఆ డ్యాంలో నీళ్లు చాలక కరెంటు ఆపడం అదే మొదలు. 2022 డిసెంబరులో మరుసటి ఏడాది కాలువ నీళ్ల వాటాలు ప్రకటించిన అధికారులు, అడిగినదానిలో నూటికి 5 పాళ్లే ఇవ్వగలమన్నారు.

పల్లెల్లో పరిస్థితి ఇంకా కష్టం. పెద్ద తోటల వారు లోతైన బోర్లు దింపి నీరు లాగుతుంటే, ఇంటి వాడకానికి వేసుకున్న తక్కువ లోతు బోర్లు గాలి పోశాయి. 2022 ఒక్క ఏడాదిలోనే 1,400కు పైగా బోర్లు, బావులు ఎండిపోయినట్లు ప్రభుత్వానికి ఫిర్యాదులు అందాయి. అంతకుముందు 2014 కరువులో ఈస్ట్ పోర్టర్‌విల్ అనే కూలీల ఊరిలో వందలాది ఇళ్ల కొళాయిలు ఆగిపోతే, పెరట్లో ట్యాంకులు పెట్టి లారీలతో నీళ్లు పోశారు. ట్యాంకరు కోసం ఎదురుచూసిన మన ఊళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఆకాశంలో పారిన ఏరు

2022 డిసెంబరు 26 నుంచి 2023 జనవరి 17 వరకు మూడు వారాల్లో 9 పెద్ద తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. పసిఫిక్ సముద్రం మీద వేడి ప్రాంతాల నుంచి నీటి ఆవిరి సన్నటి పట్టీలా, వేల మైళ్ల పొడవున గాలిలో ప్రయాణించి వస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని 'ఆకాశ నది' వంటి పేరుతోనే పిలుస్తారు. అది కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, కింద వానగా, పైన మంచుగా కురుస్తుంది. ఆ మూడు వారాల్లో 20 మందికి పైగా చనిపోయారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ కురుపు ఆగలేదు.

మంచు కొలిచే ఫిలిప్స్ స్టేషన్ అనే చోటు సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. 2015 ఏప్రిల్ 1న అప్పటి గవర్నరు జెర్రీ బ్రౌన్ అక్కడ మంచు లేని ఎండుగడ్డి మీద నిలబడి, పట్టణాలు నీటి వాడకంలో నాలుగో వంతు తగ్గించాలని ఉత్తర్వు ఇచ్చారు. 2023 ఏప్రిల్ 3న అదే చోట పదిన్నర అడుగుల మంచు ఉంది. కరిగిస్తే నాలుగున్నర అడుగుల నీరు. రాష్ట్రం మొత్తం మీద మంచు సగటుకు రెండు రెట్లు దాటింది.

ఏప్రిల్ 20న కాలువ నీటి వాటాను నూటికి నూరు పాళ్లు చేశారు. 2006 తర్వాత అలా ఇవ్వడం అదే మొదటిసారి. ఎండాకాలం వచ్చేసరికి ఓరోవిల్ డ్యాం నిండుకుండలా తొణికింది.

కట్ట తెగితే ముందు మునిగేది ఎవరు?

వాన అందరికీ ఒకే తీరుగా మేలు చేయలేదు. 2023 మార్చి 10 అర్ధరాత్రి దాటాక పహారో అనే ఏటి కట్ట తెగి, అదే పేరు గల ఊరు మునిగింది. స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే కూలీలు ఉండే ఊరది. 1949లో కట్టిన ఆ కట్ట బలహీనంగా ఉందని అధికారులకు దశాబ్దాలుగా తెలుసు. అయితే పేదల ఊరు కనుక కాపాడినా దక్కే ఆస్తి విలువ తక్కువని లెక్క వేయడంతో, బాగుచేసే పని ఏళ్ల తరబడి వెనక్కి పోయిందని అక్కడి పత్రికలు రాశాయి. కట్ట తెగాక ఆ లెక్కలు కూలీల ఇళ్లను నిలబెట్టలేదు.

పోయిందనుకున్న సరస్సు తిరిగొచ్చింది

మైదానం దక్షిణ భాగంలో ఒకప్పుడు టులారే అనే సరస్సు ఉండేది. మిసిసిపి నదికి పడమట అంత పెద్ద మంచినీటి సరస్సు లేదు. నాలుగు ఏళ్లు వచ్చి అందులో కలిసేవి. రైతులు, కంపెనీలు ఆ ఏళ్లను కాలువలకు మళ్లించి, కట్టలు వేసి, సరస్సు గర్భాన్ని దున్నేశారు. పత్తి, టమోటా పండించారు. పటాల మీద సరస్సు పేరు చెరిగిపోయింది.

2023 మార్చి నుంచి వరద నీరు పాత దారి వెతుక్కుంటూ వచ్చి అదే పల్లంలో నిలిచింది. ఎండాకాలం నాటికి లక్ష ఎకరాలకు పైగా నీటి కింద ఉంది. పొలాలు, దొడ్లు, కరెంటు స్తంభాలు మునిగాయి. 1983లోనూ ఇలాగే వచ్చింది. ఆ ఒడ్డున తరతరాలుగా బతికిన టాచి యోకుట్ ఆదివాసులు మాత్రం తమ సరస్సు తిరిగొచ్చిందని సంతోషించారు. 2024 మొదటి నెలలకు నీరు చాలావరకు తీసింది.

ఆ పక్కనే ఉన్న కార్కరన్ పట్టణం మునగకుండా కట్ట ఎత్తు పెంచడానికి 2023లో రాష్ట్రం కోటీ 70 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. కట్ట తక్కువ కావడానికి కారణం వరద ఒక్కటే కాదు. బోర్లతో అతిగా నీరు తోడడం వల్ల అక్కడ నేలే కుంగుతోంది. నేలతోపాటు కట్టా దిగిపోతుంది.

నేల కింద లెక్క

ఇది కొత్త జబ్బు కాదు. అదే మైదానంలో మెండోటా దగ్గర 1925 నుంచి 1977 వరకు నేల సుమారు 28 అడుగులు కుంగిందని ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కొలిచారు. నీరు పోయిన బంకమట్టి పొరలు అణిగిపోతే ఆ చోటు మళ్లీ రాదు. ఎంత వాన పడినా అక్కడ మునుపటంత నీరు నిలవదు.

అందుకే 2014లో అతిగా తోడే ప్రాంతాలు 2040 నాటికి తోడేదీ ఇంకేదీ సరిచేసుకోవాలని చట్టం చేశారు. 2023లో వరద నీటిని పొలాల్లోకి, గుంతల్లోకి మళ్లించుకోవడానికి అనుమతులు సడలించారు. కొందరు రైతులు ద్రాక్షతోటల్లో నీరు నిలబెట్టారు. ఆ ఏడాది అలా కావాలని ఇంకించిన నీరు సుమారు 178 టి.ఎం.సి.లని జలవనరుల శాఖ 2024లో లెక్క చెప్పింది. మెచ్చుకోదగిన పనే. అయినా దశాబ్దాలుగా తోడినదాని ముందు అది కొంతే.

మన సంగతి

మన సీమలో నేల కింద రాయి కనుక అలా కుంగదు. కానీ రాతి పగుళ్లలో పట్టే నీరే తక్కువ. మంచి వాన పడితే త్వరగా ఊరుతుంది, తోడితే అంత త్వరగానూ అయిపోతుంది. నీళ్లు రావు అనుకున్న చోటికి నీళ్లు రావడమూ మనం చూశాం. వేదవతి మీద కర్ణాటకలో ఉన్న వాణీవిలాస సాగర్ 1933 తర్వాత 2022 సెప్టెంబరులో మరవ పారింది. మన భైరవానితిప్ప ప్రాజెక్టుకు వచ్చేది ఆ ఏరే. ఆ అక్టోబరులోనే అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి.

వాన ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. వచ్చిన రోజు నీరు చెరువుకు చేరడమా, ఇళ్లలోకి చేరడమా అన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనిదే. ఊరి చెరువుకు నీరు తెచ్చే వంక ఎక్కడ పూడింది, లోపలి భూమిలో ఎవరు సాళ్లు వేశారు, మరవ, తూము ఎలా ఉన్నాయి అన్నది ఎండాకాలంలోనే గ్రామసభలో అడగాలి. చెరువు నిండిన ఏడు బోర్లు పెంచుకోవడం కాక, ఉన్న బోర్ల కింద ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలో పక్కపక్క రైతులు కూర్చుని మాట్లాడుకోవాలి. డబ్బుకు లోటు లేని కాలిఫోర్నియాలోనే అడుగున పోయిన నీరు ఒక్క వానతో తిరిగి రాలేదు. మన చెరువుల వంకలు చూసుకోవడానికి అంత డబ్బు అక్కరలేదు.