వార్తల్లో పదం: వివరణ కోరడం

2013 ఫిబ్రవరి 21, రాత్రి ఏడు గంటల వేళ. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర సైకిళ్లకు అమర్చిన బాంబులు పేలాయి. మర్నాడు హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే పార్లమెంటు ఉభయ సభల్లో ప్రకటన చేశారు.

మంత్రి ప్రకటన చదివినప్పుడు ప్రశ్నలు వేయకూడదన్నది రెండు సభల్లోనూ రాతలో ఉన్న నిబంధనే. రాజ్యసభలో మాత్రం ఛైర్మన్ అనుమతితో సభ్యులు లేచి వివరణ కోరే ఆనవాయితీ ఉంది. నా దృష్టిలో పెద్దల సభకున్న విలువైన హక్కు ఇదే. రెండు రోజుల ముందే సమాచారం ఉందని, రాష్ట్రాలకు చెప్పామని పేలుళ్ల రాత్రే షిండే అన్నారు. ఆ సమాచారంలో హైదరాబాద్ పేరు చెప్పారా? బస్టాపులో నిలబడే మనిషి తరఫున అడగాల్సిన ప్రశ్న అది.

ఈ పేలుళ్ల కేసులో దోషులు ఐదుగురికీ ఉరిశిక్షను హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ఖరారు చేసింది.